తెల్లదోమ: మందు కలిపే ముందు ఆకు తిరగేయండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ తెల్లదోమ మీదే. ఒకే రకం ప్రశ్నలు నలుగురైదుగురు అడిగినచోట వివరంగా రాసినవాళ్ల ఉత్తరం తీసుకున్నాను. నా జవాబుల్లో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: ఆకు అడుగు చూడండి. విసుక్కోకండి. ఆ పురుగు కాపురమంతా అక్కడే.

ప్రశ్న: అక్కా, నమస్తే. మా మందారాన్ని ముట్టుకుంటే చాలు, తెల్లటి చిన్న పురుగులు గుంపుగా లేస్తున్నాయి. బాగా ఎక్కువైనప్పుడల్లా సబ్బునీళ్లు కొడుతున్నాను. కొట్టిన రోజు ఒక్కటీ కనబడదు. నాలుగైదు రోజులకు మళ్లీ మామూలే. పక్కింటి మొక్కల నుంచి వస్తున్నాయంటారా?

పక్కింటివాళ్లను అప్పుడే అనుమానించకండి. మీకు మళ్లీ కనబడుతున్నవాటిలో చాలావరకు మీ మందారం మీద పుట్టి పెరిగినవే.

రేపు పొద్దున్నే, ఎండెక్కకముందు, ఒక భూతద్దం తీసుకుని మొక్క దగ్గర కూర్చోండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసినా సరిపోతుంది. చల్లటి వేళ ఈ పురుగులు మందకొడిగా ఉంటాయి, మెల్లగా ఆకు తిప్పితే లేవవు. కొస నుంచి మొదలుపెట్టి కిందికి రండి. చిగురు దగ్గరి లేత ఆకుల అడుగున రెక్కల పురుగులుంటాయి. పొడవు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు. ఒళ్లంతా తెల్లటి మైనపు పొడి. వాటి పక్కనే గుడ్లు. నున్నటి ఆకైతే ఆడపురుగు మూతిని ఒకే చోట దించి, రసం పీలుస్తూనే తన చుట్టూ తాను తిరుగుతూ గుడ్లు పెడుతుంది. అందుకే అవి ఒక్కోసారి చిన్న వలయంలాగానో, సగం వలయంలాగానో అమరి ఉంటాయి. ఒక్కో గుడ్డుకు పొట్టి కాడ ఉంటుంది, అది ఆకులోకి గుచ్చుకుని ఉంటుంది. దులిపితే రాలదు.

ఇంకాస్త కిందికి వచ్చి నడిమి ఆకులు తిరగేయండి. ఆకుకు అతుక్కుపోయిన, చదునైన, వెలిసిపోయిన రంగు పొలుసులు కనిపిస్తాయి. అవే పిల్లలు. గుడ్డులోంచి వచ్చాక కొన్ని గంటలు మాత్రం కాళ్ల మీద పాకుతాయి. ఒకసారి మూతి దించాయంటే రెక్కలొచ్చేదాకా అక్కడి నుంచి కదలవు. ఇక అట్టడుగు ముదురు ఆకుల మీద కాస్త ఉబ్బినవి, లోపల ఎర్రటి కళ్లు తెలుస్తున్నవి, వాటి మధ్య ఖాళీ డొల్లలు ఉంటాయి. రేపో మాపో రెక్కలతో బయటికి వచ్చేవి అవే. గుడ్లు పెట్టినప్పుడు లేతగా ఉన్న ఆకు, పిల్లలు పెరిగేసరికి ముదిరి కిందికి పోతుంది. అందుకే ఒకే మొక్క మీద పైనుంచి కిందికి వయసులు వరసగా కనిపిస్తాయి.

ఇది చూశాక మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. సబ్బునీళ్లు తగిలిన పురుగును మాత్రమే చంపుతాయి. తడి ఆరాక వాటిలో పస ఉండదు. గుడ్లకూ, రెక్కలు రాబోయే దశలో ఉన్నవాటికీ పెద్దగా ఏమీ కాదు. మీరు కొట్టిన రోజు పెద్దవి పోయాయి. తర్వాతి రోజుల్లో అడుగు ఆకుల నుంచి కొత్తవి లేచాయి. అవి మళ్లీ చిగురుకు వెళ్లి గుడ్లు పెట్టాయి. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మూడు, నాలుగు వారాలు పడుతుంది. అనుకూలిస్తే ఒక్కో ఆడపురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది. ఎక్కువైనప్పుడల్లా కొట్టే పద్ధతితో దీన్ని ఎప్పటికీ అందుకోలేం.

కాబట్టి పురుగు కనబడినా కనబడకపోయినా రోజులు లెక్కపెట్టి కొట్టండి. మొదటి రోజు అట్టడుగున డొల్లలతో, పిల్లలతో నిండిన ముదురు ఆకులు తుంచేయండి. మొక్క బోసిపోతుందని బెంగపడకండి, మందారం తొందరగా చిగురిస్తుంది. తుంచిన ఆకులను మొక్క మొదట్లో పడేయొద్దు. రాలిన ఆకు వాడిపోయేలోపే చివరి దశలోవి రెక్కలతో బయటపడగలవు. ఒక కవర్లో వేసి ముడివేసేయండి. తర్వాత పైపుతో ఆకు అడుగుకు తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి. సాయంత్రం సబ్బునీళ్లు. అప్పటి నుంచి ఐదారు రోజులకోసారి, ఒక్కటీ కనబడకపోయినా సరే, నాలుగైదు సార్లు కొట్టండి. ఇంకో సంగతి. స్ప్రేయర్ మూతిని పైకి తిప్పి, మొక్క కింద నుంచి పైకి కొట్టండి. నిలబడి పైనుంచి కొడితే తడిసేది ఆకు పైభాగం, అక్కడ పురుగే లేదు.

ప్రశ్న: మేడమ్, మేముండేది ఫ్లాట్‌లో. కిటికీ దగ్గర జెర్బెరా, పాయిన్‌సెట్టియా, రెండు ఫెర్న్ కుండీలు ఉన్నాయి. మొదటి రెండింటికీ తెల్లదోమ పట్టింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది కాబట్టి ఘాటు మందులు వాడాలంటే భయం. సబ్బు, వేపనూనె అంటారు గానీ కొలతలు ఎవరూ సరిగ్గా చెప్పరు.

మీ భయం న్యాయమైనదే. ఇంట్లోని మొక్కలకు పురుగుమందు అవసరం లేకుండానే చాలావరకు గట్టెక్కవచ్చు.

ముందు ఆ రెండు కుండీలనూ ఫెర్న్‌ల దగ్గర నుంచి వేరే గదిలోకి మార్చండి. ఇంట్లో వాన పడదు, గాలి దుమారం ఉండదు, దీన్ని తినే పురుగులూ రావు, ఏడాదంతా వెచ్చగా ఉంటుంది. బయట వీటన్నిటి వల్ల కొంత తగ్గే తెల్లదోమ ఇంట్లో అడ్డూ అదుపూ లేకుండా పెరిగేది అందుకే. అదే ఇల్లు మీకు ఒక మేలు కూడా చేస్తుంది. ఒకసారి శుభ్రం చేశారంటే బయటి నుంచి కొత్తది రావడం తక్కువ.

కుండీని బాత్రూంలోకి తీసుకెళ్లి, మట్టి కారిపోకుండా పైన ఒక కవరు కట్టి, మొక్కను పక్కకు వంచి షవర్‌తో ఆకుల అడుగు కడగండి. చేతిలో పట్టుకునే చిన్న వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది. తెల్లవారుజామున, పురుగులు బద్ధకంగా ఉన్నప్పుడు, ఆకులకు తగలకుండా కాస్త ఎడంగా పట్టుకుని రెక్కల పురుగులను లాగేయండి. లోపలి సంచిని వెంటనే తీసి కవర్లో మూట కట్టి బయట పారేయండి. లేకపోతే తిరిగి ఎగిరొస్తాయి.

ఇక సబ్బు. మొక్కల కోసమే తయారుచేసే పొటాషియం సబ్బు ద్రావణం దొరికితే అదే తీసుకోండి, కొలత లేబుల్ మీద ఉంటుంది. దొరక్కపోతే రంగు, బ్లీచ్, గ్రీజు వదిలించే రసాయనాలు లేని మెత్తటి ద్రవ సబ్బు, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. బట్టలు ఉతికే పొడి, గిన్నెలు తోమే ఘాటు లిక్విడ్ వద్దు. అవి ఆకు మీది సహజమైన మైనపు పొరను తినేస్తాయి, అంచులు మాడిపోతాయి. నీళ్లు బాగా ఉప్పగా, గడుసుగా ఉంటే సబ్బు విరిగి తెట్టులా తేలుతుంది. ఆ తెట్టు పురుగును చంపదు. అలాంటిచోట వాననీళ్లో, ఫిల్టర్ నీళ్లో కలపండి. కొట్టిన రెండు మూడు గంటల తర్వాత మంచినీళ్లతో ఆకులు కడిగేస్తే మొక్కకు హాయి.

ముందుగా రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగి చూడండి. ఈ మాట ఎందుకు పట్టుబట్టి చెబుతున్నానంటే ఫెర్న్‌లు, గుజ్జు ఆకుల మొక్కలు, ఆకు మీద నూగున్న మొక్కలు సబ్బుకూ నూనెకూ త్వరగా దెబ్బతింటాయి. మీ పాయిన్‌సెట్టియా కూడా రంగు వచ్చి ఉన్న సమయంలో సుకుమారమే. ఫెర్న్‌లకు పురుగు లేదన్నారు కదా, ముందుజాగ్రత్త పేరుతో వాటి మీద కొట్టొద్దు.

వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు ఆ నూనెలో పావు టీస్పూను ద్రవ సబ్బు వేసి బాగా గిలకొట్టి, తర్వాత గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. పాలలా తెల్లగా రావాలి. పైన నూనె తేలుతుంటే కలవలేదని అర్థం, అలా కొడితే నూనె చుక్కలు పడినచోటల్లా ఆకు మాడుతుంది. కొడుతున్నంతసేపూ సీసా ఊపుతూ ఉండండి. కలిపింది ఆ రోజే వాడేయండి. వేపలోని అజాడిరాక్టిన్ పిల్లలను కుబుసం విడవనివ్వదు, ఎదగనివ్వదు. ఫలితం రెండు మూడు రోజుల్లో కనబడదు, తొందరపడి మోతాదు పెంచొద్దు. ఒక వారం సబ్బు, ఇంకో వారం వేపనూనె అని మార్చి మార్చి వాడవచ్చు.

పాప గురించి ఒక్క మాట. వేప సహజమైనదే కదా అని నూనె సీసాను అందేచోట పెట్టొద్దు. చంటిపిల్లలు వేపనూనె మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కొట్టేటప్పుడు పాపను వేరే గదిలో ఉంచండి. ఆకులు ఆరాకే కుండీని దాని చోటుకు తీసుకురండి. పాయిన్‌సెట్టియా పాలు కూడా పిల్లల చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి, ఆ కుండీ ఎప్పుడూ ఎత్తులోనే ఉండాలి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన టీచర్ని. డాబా మీద టమాటా, మిరప, బెండ వేశాను. టమాటా కొసలు ముడుచుకుపోయి గిడసబారాయి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపురంగుకు తిరిగాయి. మిరప ఆకులూ ముడత పడ్డాయి. తెల్లదోమ ఉంది, కానీ మరీ గుంపులుగా ఏమీ లేదు. ఇంత తక్కువ పురుగుకు ఇంత నష్టమా? ఏ మందు కొడితే ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి?

మాస్టారూ, విచ్చుకోవు. మీకు ఆశ పెట్టి రకరకాల మందులు కొనిపించడం నాకు ఇష్టం లేదు, అందుకే సూటిగా చెబుతున్నాను.

టమాటాలో కొత్త ఆకులు చిన్నవైపోయి, అంచులు పసుపు తిరిగి పైకి ముడుచుకోవడం, మొక్క పొట్టిగా ఆగిపోవడం, పూత రాలడం ఆకుముడత వైరస్ లక్షణాలు. బెండలో ఈనెలు మాత్రం పసుపు వలలా తేలి, తర్వాత ఆకంతా పాలిపోవడం పల్లాకు తెగులు. ఇదీ వైరసే. రెండింటినీ మోసేది బెమీసియా టబాసి అనే తెల్లదోమ జాతి. రసం పీల్చి చేసే నష్టానికి పురుగులు గుంపులుగా ఉండాలి. వైరస్ అంటించడానికి అక్కర్లేదు. జబ్బు మొక్క మీద కాసేపు రసం తాగిన పురుగు ఆ వైరస్‌ను ఒంట్లో రోజుల తరబడి మోస్తుంది, వాలిన ప్రతి మొక్కకూ అంటించగలదు. మీకు పురుగు తక్కువగా, నష్టం ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

ఈ జాతిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఆకు మీద వాలినప్పుడు రెక్కలను ఇంటి పైకప్పులా రెండు పక్కలకూ వాల్చి ఉంచుతుంది, మధ్యలో సన్నటి సందు కనబడుతుంది. గ్రీన్‌హౌస్ తెల్లదోమ అనే మరో జాతి రెక్కలను కాస్త చదునుగా, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరుస్తుంది.

మిరప విషయంలో మాత్రం తొందరపడకండి. మిరపలో ప్రతి ముడతా వైరస్ కాదు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగులు, అంచులు కిందికి వంగి ఆకు సాగినట్టయితే నల్లి అయ్యే అవకాశం ఎక్కువ. ఆ రెండూ తగ్గితే మిరప కొత్త చిగురు చక్కగా వేస్తుంది. చిగురును తెల్ల కాగితం మీద తట్టి చూడండి, తామర పురుగులైతే సన్నటి గీతల్లాంటివి పాకుతూ కనబడతాయి. నల్లి కంటికి ఆనదు, దానికి భూతద్దం కావాలి.

తెగులు తగిలిన టమాటా, బెండ మొక్కలను తీసేయండి. ఊరికే పీకొద్దు. పీకేటప్పుడు కదిలిన పురుగులన్నీ పక్క మొక్కల మీదికి పోతాయి. ముందురోజు సాయంత్రం సబ్బునీళ్లు బాగా కొట్టి, పొద్దున్నే మొక్క మీద పెద్ద కవరు తొడిగి, కవరుతో సహా మొదలు కోసేయండి. ఇంకా కాయలు నిండుగా ఉన్న మొక్క, ఇప్పుడే జబ్బు మొదలైంది అంటే కాయ కోసుకునేదాకా ఉంచుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. చుట్టుపక్కల లేత మొక్కలు లేకపోతే ఉంచండి. ఉంటే మాత్రం మనసు గట్టి చేసుకోవాలి. ఆ కాయలు తినడానికి భయం లేదు, మొక్కల వైరస్‌లు మనుషులకు అంటవు.

వచ్చే విడతకు అసలు జాగ్రత్త నారు దగ్గర మొదలవుతుంది. మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు వైరస్ తగిలితే నష్టం అంత ఎక్కువ. పూత మొదలయ్యాక తగిలితే కొంతైనా కాపు చేతికొస్తుంది. కాబట్టి నారును, నాటిన తర్వాత మొదటి కొన్ని వారాలను కాపాడుకోండి. తెల్లదోమ దూరలేని సన్నటి వల, 40 లేక 50 మెష్‌ది, నారు మీద గుడారంలా కప్పి అంచులు మట్టిలో పూడ్చండి. నాటాక కుండీ మట్టి మీద వెండిరంగు మల్చింగ్ షీటు పరిస్తే దాని తళుకుకు పురుగు వాలడం తగ్గుతుంది, మొక్క పెరిగి షీటును కప్పేసేదాకా పనిచేస్తుంది. ఆకుముడతను, పల్లాకును తట్టుకునే రకాల విత్తనం అడిగి తీసుకోండి. పాత మొక్కలు తీసేశాక, వాటి పక్కన మొలిచిన కలుపు కూడా పీకేసి, ఓ వారం పది రోజులు ఆగి కొత్త నారు పెట్టండి. తినడానికి పచ్చటి ఆకు లేకపోతే రెక్కల పురుగులు కొద్ది రోజులే బతుకుతాయి. పాత టమాటా పక్కనే కొత్త టమాటా పెట్టే అలవాటు ఉంటే మానేయండి.

యూరియా లాంటి నత్రజని ఎరువు ఎక్కువగా వేస్తున్నారేమో కూడా చూసుకోండి. ముదురాకుపచ్చగా, మెత్తగా పెరిగిన లేత ఆకు తెల్లదోమకు మహా ఇష్టం.

ప్రశ్న: పసుపు జిగురు అట్టలు పెట్టాను. అట్టల నిండా పురుగులే, అయినా మొక్క మీద తగ్గడం లేదు. ఇంకా పెద్ద అట్టలు పెట్టమంటారా?

వద్దండీ. అట్టకు అంటుకునేది రెక్కల పురుగు ఒక్కటే. పిల్లలు, గుడ్లు ఆకు మీదే ఉంటాయి కదా. తెల్లదోమకు పసుపు మీద మోజు ఉన్న మాట నిజమే. కానీ అట్టల అసలు ఉపయోగం పురుగు ఎప్పుడొచ్చిందో, పెరుగుతోందో తగ్గుతోందో చెప్పడం. ఒకటి రెండు చాలు. మొక్క కొసలకు కాస్త పైన వేలాడదీయండి, మొక్క పెరిగే కొద్దీ అట్టనూ పైకి జరపండి. వారానికోసారి అట్ట మార్చి, పాతదాని మీద ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి కుండీ మీదే తేదీతో రాసుకోండి. మీరు కొడుతున్న సబ్బునీళ్లు పనిచేస్తున్నాయో లేదో ఆ అంకెలే చెబుతాయి. బయట తోటలో అయితే పురుగు తగ్గగానే అట్టలు తీసేయండి, వాటికి మేలుచేసే చిన్న పురుగులు కూడా అంటుకుంటాయి.

ప్రశ్న: అక్కా, మా టమాటా ఆకుల అడుగున తెల్లటి పొలుసుల మధ్య నల్లటి పొలుసులు కూడా కనిపిస్తున్నాయి. ఇది కొత్త తెగులా? ఆ ఆకులు కాల్చేయాలా?

దయచేసి కాల్చకండి! ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది మీదే.

అవి తెల్లదోమ పిల్లలే. వాటిని లోపలి నుంచి ఇంకొకటి తినేస్తోంది. ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి పురుగు, మిల్లీమీటరు కూడా ఉండదు, మనుషులను కుట్టదు. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పురుగు లోపల తింటూ పెరుగుతుంటే గ్రీన్‌హౌస్ తెల్లదోమ పొలుసు నల్లగా మారుతుంది. ఇప్పుడు భూతద్దంతో ఖాళీ డొల్లలను చూడండి. తెల్లదోమ బయటికి వచ్చిన డొల్ల వీపు మీద ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో చీలిక ఉంటుంది. కందిరీగ కొరుక్కుని బయటికి వచ్చిన డొల్లకు గుండ్రటి చిన్న రంధ్రం ఉంటుంది. ఈ తేడా ఒకసారి చూశారంటే మీ మొక్క మీద ఎవరిది పైచేయో మీరే చెప్పగలరు.

1926లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా సాగుదారు సరిగ్గా మీలాగే నల్ల పొలుసులు చూసి, ఇవేమిటని కీటక శాస్త్రవేత్తను అడిగాడు. ఆ ప్రశ్న నుంచే ఈ కందిరీగను పెంచి గ్రీన్‌హౌస్‌లకు పంపే పని మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ లాంటి మందులు రావడంతో దాన్ని పక్కన పెట్టేశారు. ఆ మందులకు పురుగులు అలవాటుపడిపోయాక, 1970ల్లో మళ్లీ దీన్నే వెతుక్కున్నారు. ఇప్పటికీ చాలా దేశాల్లో గ్రీన్‌హౌస్ టమాటాకు ఇదే కాపలా.

నల్లవి ఉన్న ఆకులు ముదిరినా తుంచకండి. ఘాటు పురుగుమందు ఏదీ కొట్టొద్దు. పొలుసుల్లో సగానికి పైగా నల్లబడితే సబ్బునీళ్లు కూడా ఆపి, రెండు వారాలు ఊరికే చూడండి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. నిమ్మ, నారింజ మొక్కల మీద పుట్టుకతోనే నల్లటి పిల్లలుండే తెల్లదోమ జాతి ఒకటుంది. అక్కడ తెల్లవీ నల్లవీ కలిసి ఉండవు, ముదిరినవన్నీ నల్లగానే ఉండి చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తుంది. మీది టమాటా కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

ప్రశ్న: ఇమిడాక్లోప్రిడ్ ఒక్కసారి కుండీలో పోస్తే తెల్లదోమ పీడ విరగడవుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. గులాబీలకు, కూరగాయలకు పోయవచ్చా?

నేనైతే పోయను, మీకూ పొయ్యమని చెప్పను. అది వేళ్ల నుంచి మొక్కంతా పాకే మందు. ఆకు రసంలోకి వెళ్లినట్టే పువ్వులోని తేనెలోకి, పుప్పొడిలోకి కూడా వెళుతుంది. తేనెటీగలకు చేటు అని యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట పంటలకు దీన్ని నిషేధించింది. గులాబీకి పోస్తే పువ్వు మీద వాలే తేనెటీగకు పోసినట్టే. ఇంట్లో తినే ఆకుకూరకు, కాయకు పోస్తే, ఎన్ని రోజులకు తినవచ్చో తెలియకుండా మనం తింటున్నట్టే.

దానికి తోడు బెమీసియా జాతి చాలాచోట్ల ఈ మందుకు అలవాటుపడిపోయింది. సింథటిక్ పైరిత్రాయిడ్‌లు అనే రకం పురుగుమందు స్ప్రేల సంగతి మరీ దారుణం. అవి అక్షింతల పురుగులనూ సాలీళ్లనూ కందిరీగలనూ ముందుగా తుడిచిపెడతాయి, తెల్లదోమ మాత్రం ఆకు అడుగున మిగిలిపోయి, తినేవాళ్లు లేక రెట్టింపు అవుతుంది. మందు కొట్టాక ఇంకా ఎక్కువైందని రాసేవాళ్లకు జరిగేది ఇదే.

సబ్బు, వేపనూనెలతో లొంగకపోతే బవేరియా, వర్టిసీలియం లాంటి బూజు మందులు ప్రయత్నించండి. ఇవి పురుగు ఒంటి మీద మొలకెత్తి దాన్ని చంపే శిలీంధ్రాలు. గాలిలో తేమ ఉన్నప్పుడు, సాయంత్రం పూట, తయారీ తేదీ చూసి, లేబుల్ మీద చెప్పిన మోతాదులో కొట్టాలి. ఎండిపోయిన గాలిలో, మిట్ట మధ్యాహ్నం కొడితే డబ్బు దండగ.

ప్రశ్న: కుండీ మట్టిలోంచి చిన్న పురుగులు లేస్తున్నాయి, నల్లగా ఉన్నాయి. తెల్లదోమ పిల్లలా?

కాదు. తెల్లదోమకు మట్టితో పనే లేదు, దాని ఏ దశా మట్టిలో ఉండదు. మీవి తేమ ఎక్కువైన మట్టిలో పెరిగే ఫంగస్ ఈగలు. నీళ్లు తగ్గించి, పైన రెండంగుళాల మట్టి ఆరాకే మళ్లీ పోయండి. వాటంతట అవే తగ్గుతాయి.

ప్రశ్న: జామ ఆకుల అడుగున తెల్లటి పొడి సుడులు చుట్టినట్టు గీతలున్నాయి. ఆకుల పైన మసి పూసినట్టు నల్లగా అయింది, చీమలు కూడా ఎక్కువయ్యాయి. మూడింటికీ మూడు మందులు వాడాలా?

మూడూ ఒకటే సమస్య. సుడులు చుట్టే తెల్లదోమ జాతి గుడ్లు పెడుతూ మైనపు పొడిని అలా గీతలుగా వదులుతుంది. అది పీల్చిన రసంలో మిగులు తీపిని జిగురులా విసర్జిస్తుంది. ఆ జిగురు కింది ఆకుల పైన పడితే దాని మీద మసి బూజు పెరుగుతుంది, చీమలు దాని కోసమే వస్తాయి. వచ్చి ఊరుకోవు, తెల్లదోమను తినే పురుగులను తరిమేస్తాయి. అందుకని ముందు చీమలను ఆపండి. మానుకు వెడల్పాటి టేపు చుట్టి దాని మీద జిగురు రాయండి (బెరడుకు నేరుగా రాయొద్దు), నేలనూ గోడనూ తాకే కొమ్మలు కత్తిరించండి. తర్వాత నీళ్లు గట్టిగా కొట్టి మైనం కడిగేస్తేనే సబ్బు గానీ వేప గానీ పురుగు ఒంటికి తగులుతుంది. మసికి విడిగా మందు వద్దు. జిగురు పడటం ఆగితే అది ఎండి పెళ్లలుగా రాలిపోతుంది, తడిగుడ్డతో తుడిచినా పోతుంది.

ప్రశ్న: బంతి మొక్కలు పక్కన పెడితే తెల్లదోమ రాదంటారు. నిజమేనా మేడమ్?

కొంత నిజం. 2019లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు టమాటా గ్లాస్‌హౌస్‌లో చిన్న బంతిని, అంటే ఫ్రెంచ్ మారిగోల్డ్‌ను, మొదటి నుంచీ పక్కన పెంచి చూస్తే తెల్లదోమ పెరుగుదల నెమ్మదించింది. బంతి గాలిలోకి వదిలే లిమోనీన్ అనే వాసన పదార్థం దీనికి ముఖ్య కారణమని తేల్చారు. పురుగు అప్పటికే పట్టేశాక తెచ్చిపెడితే మాత్రం అంత ఫలితం రాలేదు. కాబట్టి ఇప్పుడు మీ మొక్కల మీద తెల్లదోమ ఉంటే బంతి మీద ఆశ పెట్టుకోకుండా సబ్బునీళ్లతో మొదలుపెట్టండి, తర్వాతి విడత టమాటా నాటిన రోజే బంతి కూడా నాటండి. బంతి అయినా మరేదైనా, నర్సరీ నుంచి తెచ్చిన కుండీని నేరుగా మిగతావాటి మధ్య పెట్టకండి. రెండు మూడు వారాలు విడిగా ఉంచి, అప్పుడప్పుడూ ఆకులు తిరగేసి చూస్తూ ఉండండి. కొనేటప్పుడు కంటికి కనబడని గుడ్లు ఉన్నా ఈలోపు పొదిగి బయటపడతాయి.